ఆకుపచ్చ ముక్క

క్లాక్స్‌విక్‌లో జనవరి అంటే మూడింటికే చీకటి.
చేపల ఫ్యాక్టరీ సైరను మోగాక
చేతుల నీచు వాసన నిమ్మచెక్కతో వదిలించుకుని
హెయిన్ ఇంటికి వెళ్ళేదాన్ని, పాట నేర్చుకోవడానికి.

గొంతుతో పాడేది కాదు.
పెట్టెలోంచి ఒక్కో ముక్కా తీసి
చప్పుడు లేకుండా బల్ల మీద పరిచే పాట.
పదిహేనే మాటలున్న భాష:
ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు,
కళావరు, డైమను, ఆఠీను, ఇస్పేటు, తురుపు లేని ఆట,
డబులు, రీడబులు,
ఆకుపచ్చగా పాసు.

ముప్పై ఏళ్ళు పాత పద్ధతిలోనే ఆడాం ఇద్దరం.
తపాలా పడవ నడిపి రిటైరైన మనిషి, డెబ్బై ఒకటో ఏట
"కొత్తది నేర్చుకుందాం" అన్నాడు.
ఇప్పుడెందుకయ్యా అంటే
"పాతదాంట్లో ఎక్కడ పడితే అక్కడ దిగిపోవచ్చు మార్యున్.
నాకది పడటం లేదు."

కొత్తదాని సూత్రం ఇంతే.
నేను ఒక ఇస్పేటు అన్నాక
నువ్వు రెండు కళావర్లు అన్నావా,
రేవులో తాడు విప్పేసినట్టే.
గేము చేరేదాకా ఆగకూడదు,
నువ్వూ, నేనూ.
నీ చేతిలో పన్నెండు పాయింట్లు ఉండి తీరాలి.
ఆ మాట ఒకసారి ఇచ్చాక
తొందరేం లేదు,
ఒక్కో మెట్టూ మాట్లాడుకుంటూ ఎక్కొచ్చు.
నాలుక్కి గెంతినవాడి దగ్గర సరుకు లేదు,
నెమ్మదిగా వచ్చేవాడి దగ్గరే ఆసులు.

ఇది తలకెక్కడానికి నాకు నెల పట్టింది.
గంటకిన్ని చేపలని కోసి ఇరవై ఆరేళ్ళు బతికినదాన్ని.
నెమ్మది కూడా బలమేనని
నాకెవరు చెప్పారు?

సూత్రాలన్నీ అట్టముక్కల మీద రాసి
వంటింటినిండా అంటించాడు హెయిన్.
ఉప్పు డబ్బా మీద: రెండోసారీ ఇస్పేటే అంటే కొత్త కబురేం లేదు.
అద్దం మీద: లెక్క మళ్ళీ పెట్టు.
కెటిల్ మీద: పాసు లేదు.
మొద్దు బుర్రని కదా,
నాకోసమే అనుకుని నవ్వాను.

మంగళవారం, నావికుల సంఘం మేడ మీద
ఏడు బల్లలు, తడిసిన ఉన్ని వాసన.
మందుల షాపు బార్బా, ఆమె మరిది సామల్ మా ఎదుట.
నేను ఒక ఇస్పేటు.
హెయిన్ రెండు కళావర్లు.
నేను రెండు ఇస్పేట్లు, కొత్త కబురేం లేదని.
అతని వేళ్ళు పెట్టెలోకి వెళ్ళాయి,
కాసేపు తడిమాయి,
ఆకుపచ్చ ముక్క తెచ్చాయి.

బార్బా నావైపు తిరిగి మర్యాదగా అడిగింది,
"ఆ రెండు కళావర్లకి అర్థమేమిటి?"
నిజం చెప్పాలి, రూలు.
"గేము దాకా" అన్నాను.
గొంతు నాది కానట్టు వినిపించింది.

హెయిన్ చేయి పరిచాడు. పద్నాలుగు పాయింట్లు.
కానీ తురుపులు అయిదుకి నాలుగు సామల్ దగ్గరే.
పీకి పీకి తొమ్మిది పట్లు తీశాను.
తక్కిన ఆరు బల్లలూ నాలుగు ఇస్పేట్ల దాకా పాడి
ఒక్క పట్టుతో మునిగాయట.
ఆ చేతికి మొదటి స్థానం మాదే.

"ఎలా పసిగట్టావయ్యా!" అని సామల్ భుజం తట్టాడు.
హెయిన్ నవ్వాడు,
వేరెవరి ఇంటి తలుపో తట్టినవాడిలా.

గాలికి ఒంగి నడుస్తూ నేనేమీ అడగలేదు.
రేవు దీపం దగ్గర అతనే అడిగాడు:
"ఇవాళ మనం గెలిచామా?"

వంటింట్లో కెటిల్ పెడుతూ చూశాను,
'పాసు లేదు' మీద సిరా రెండు మూడు పొరలు.
రాసిందాని మీదే మళ్ళీ రాసుకున్నాడు,
చేయి వణికిన చోట అక్షరం రెండుగా చీలింది.

పేక తీశాను. ఇద్దరికే పంచాను.
"ఒక ఇస్పేటు."
ముక్కలు విప్పి చాలాసేపు చూశాడు,
వాటిలో ఒకదాన్ని అటునుంచి ఇటు మార్చాడు,
మళ్ళీ అక్కడే పెట్టాడు.
నీళ్ళు మరిగి కెటిల్ టక్కుమంది.
నేను లేవలేదు.
అతని పాట కోసం ఆగాను.